వ్యోమగామి చేతిలో కోడి

వ్యోమగాముల శిక్షణ కేంద్రంలో పౌర సంబంధాల విభాగానికి కొత్తగా వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు మొన్న మా ఇంటికి వచ్చారు. "ఉద్యోగం ఎలా చెయ్యాలో రాసిపెట్టండి సార్" అన్నారు. ప్రకటన ఎలా తయారు చెయ్యాలో, ఏ ఫైలు ఎవరి బల్ల మీదికి వెళ్ళాలో వాళ్ళకు అక్కడే నేర్పుతారు. అక్కడ నేర్పనివి కొన్ని ఉన్నాయి. అవే రాస్తున్నాను.

కూర్చోవడం

వ్యోమగామి శిక్షణలో ఎక్కువ భాగం కూర్చోవడమే. గిరగిరా తిరిగే యంత్రంలో కూర్చోవడం, తలుపు బిగించిన గదిలో కూర్చోవడం, డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చోవడం. ఇంత కూర్చోవడాన్ని పత్రికలవాళ్ళకు సాహసంగా చెప్పడం మన ఉద్యోగం. నేను అంతకుముందు చాలాకాలం విశాఖలో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. కౌన్సిల్ సమావేశాల్లో కార్పొరేటర్లు కూర్చోవడాన్ని వార్తగా రాసిన అనుభవం ఉంది కాబట్టి నాకు పెద్దగా కష్టమనిపించలేదు.

మన సొంత రాకెట్టులో వెళ్ళే తొలి బృందం కోసం శిక్షణ పొందుతున్నవాళ్ళలో ఊర్మిళ ఒకరు. వైమానిక దళంలో హెలికాప్టర్లు నడిపేది. శృంగవరపుకోట దగ్గర పల్లెటూళ్ళో రైతు కుటుంబం. ఆమె పేరు బయటికి వచ్చిన రోజే విలేకరులు ఆ ఊరు వెళ్ళిపోయారు. నేను వాళ్ళకంటే గంట ఆలస్యంగా చేరాను. అప్పటికే ఊర్మిళ తల్లి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తూ మాట్లాడేస్తోంది.

"మీ అమ్మాయి చిన్నప్పటి నుంచే ఆకాశం వైపు చూస్తూ ఉండేదా అమ్మా?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఆకాశమేటి బాబూ. బస్సెక్కితే సాలు, కిటికీలోంచి తల బయటెట్టి కక్కీసేది. కోట నుంచి ఇజీనారం ఎల్లీలోపు నా సీర కొంగంతా దాని పాలే."

"మరి ఇప్పుడు రాకెట్ ఎక్కుతోంది కదా?"

"అందులో కిటికీ తెరుసుకుంటాదో లేదో ముందు కనుక్కోండి మీరు."

మర్నాడు అన్ని పత్రికల్లోనూ అదే. మా డైరెక్టరు నన్ను పిలిచి ఖండన పంపమన్నాడు. ఏమని పంపాలి సార్, ఆ అమ్మాయి వాంతి చేసుకోలేదనా అన్నాను. ఆయన టీ చెప్పాడు.

ఊర్మిళకు ఫోన్ చేస్తే, "నిజమే కదా సార్, ఇక్కడ కూడా చేసుకుంటున్నాను" అంది. తిరిగే కుర్చీలోంచి దిగి, సంచీ మూతి కట్టి, మళ్ళీ వెళ్ళి అదే కుర్చీలో కూర్చునేదిట. శిక్షణ అంటే ఏమిటని నన్ను ఎవరు అడిగినా ఆ సంగతే చెబుతాను. కొన్నాళ్ళకు జిల్లాలో ఏ బస్సులో ఏ పిల్ల తల బయటపెట్టినా, "పర్లేదమ్మా, నువ్వూ రాకెట్టెక్కుతావు" అనడం మామూలైంది. డైరెక్టరు గారు కోరిన వీరగాథ రాసి ఉంటే మూడో రోజుకు పకోడీల పొట్లమయ్యేది. ఇంట్లోవాళ్ళు నిజం చెబుతుంటే అడ్డం పడకండి.

కల్నల్ సాబ్

నేను చూసిన పై అధికారుల్లో ఎక్కువమందికి పత్రికలంటే భయం. కల్నల్ సాబ్‌కు పత్రికలంటే ఏమిటో తెలియదు. అది ఇంకా నయం. ఆయన ఉత్తరాది మనిషి. ఆయన హిందీలో చెప్పిన మాటల్ని నేను తెలుగులో పెడుతున్నాను. అడవిలో బతకడం నేర్పడం ఆయన పని. అంతరిక్షం నుంచి దిగే గుల్ల అనుకున్నచోట కాకుండా ఏ కొండల్లోనో పడితే, సహాయం వచ్చేదాకా వ్యోమగామి తన కాళ్ళ మీద తాను నిలబడాలి. అందుకు మూడు రోజుల పరీక్ష. ఒంటరిగా ఉండాలి. ఇచ్చిన సామానుతోనే ఉండాలి. మనిషన్నవాడు ఏమిచ్చినా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే పరీక్ష పోయినట్టే. మళ్ళీ పరీక్ష వచ్చే ఏడాదిగాని ఉండదు. ఆ లోపల బృందం పేర్లు ఖాయమైపోతాయి. అంటే ఊర్మిళ సీటు ఈ మూడు రోజుల మీద ఉంది.

కల్నల్ సాబ్ ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని, ముంచింగిపుట్టు అవతల ఒక కొండవాలు ఎంచాడు. ఊళ్ళకు దూరం. వాన ఉండదు. మనిషి జాడ ఉండదు. తేదీలు కూడా వేసేశాడు. ఎండలు ముదిరే వేళ.

"సార్, ఆ రోజుల్లో అక్కడ ఇటుకల పండగ" అన్నాను.

"ఊళ్ళో పండగైతే అడవి ఇంకా ఖాళీగా ఉంటుంది, మంచిదే" అన్నాడు.

ఏజెన్సీ ఊళ్ళు తెలిసినవాళ్ళు ఇక్కడ నవ్వి ఉంటారు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇటుకల పండగకు ఊళ్ళో మగవాళ్ళంతా విల్లూ బాణాలూ పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బళ్ళను ఆపి, పండగ మామూలు పుచ్చుకుని, ఆడి పాడి వదులుతారు. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్ళు పోస్తారు. ఇప్పుడు వేట నిషేధం, అడవిలో వేటాడ్డానికీ ఏమీ మిగల్లేదు. అయినా మగవాళ్ళు వెళ్ళక తప్పదు, పేడనీళ్ళూ తప్పవు. అంటే ఏడాది పొడుగునా ఖాళీగా ఉండే కొండవాలు సరిగ్గా ఆ రోజుల్లోనే మన్యంలోకెల్లా రద్దీగా ఉంటుంది.

ఇదంతా చెప్పాను. ఆయన మ్యాపు నా వైపు తిప్పి, "ఇందులో ఎక్కడుంది చూపించు" అన్నాడు. మ్యాపులో పండగలు ఉండవు. మీ పై అధికారి దగ్గర మ్యాపు ఉంటే, మీ దగ్గర కనీసం ఒక ఫొటో అయినా ఉండేలా చూసుకోండి.

కర్ర దగ్గర

హెలికాప్టరు ఊర్మిళను కొండవాలు మీద దింపి వెళ్ళింది. పక్క కొండ మీద వైద్య బృందం ఆమె నాడి మాత్రం యంత్రంలో చూస్తూ కూర్చుంది. ఆమె చోటులో ఒక చెట్టుకు కెమెరా కట్టారు. అది దానంతటదే ఫొటోలు తీస్తుంది, మాటలు వినిపించవు.

చివరి రోజు ఆమెను తీసుకురావడానికి కల్నల్ సాబ్, నేను జీపులో బయలుదేరాం. కొండ కింది ఊరి దగ్గర కర్ర అడ్డం వచ్చింది. పాతికమందికి పైగా ఆడవాళ్ళు, పక్కన పేడనీళ్ళ బకెట్లు. ముందు నిలబడ్డావిడ పేరు కమల అని తరువాత తెలిసింది.

"టోపీ సారూ, దిగు" అంది.

కల్నల్ సాబ్ డబ్బు తీసి ఇవ్వబోయాడు. కమల పుచ్చుకుని కొంగున కట్టుకుంది. కర్ర మాత్రం లేవలేదు.

"ఇచ్చాం కదమ్మా" అన్నాను.

"అది మామూలు బాబూ. ఆడితేనే ఒగ్గుతాం."

నేను ఇది ఆయనకు హిందీలో చెప్పాను. ప్రభుత్వ పని మీద వెళ్తున్నామని చెప్పమన్నాడు. చెప్పాను.

"గవర్మెంటోల్లు ఆడరేటి? కిందటేడు ఎమ్మార్వో గారు బాగా ఆడినారు" అంది వెనకనుంచి ఇంకొకావిడ.

కల్నల్ సాబ్ దిగాడు. ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు కలుపుకున్న థింసా ఆట వరసలో ఆయన్ని నిలబెట్టారు. డప్పు మొదలైంది. అందరి కాళ్ళూ ముందుకూ పక్కకూ ఒంపు తిరుగుతుంటే ఆయన కాళ్ళు మాత్రం ఎడమ, కుడి, ఎడమ, కుడి. కొంచెంసేపటికి వరస చివరి అమ్మాయిలు కూడా కవాతు చెయ్యడం మొదలుపెట్టారు. నేను ఆ వరస నుంచి తప్పించుకుని డప్పు పక్కన నిలబడ్డాను. విలేకరికి ఎక్కడ నిలబడాలో తెలియడం ముఖ్యం.

అప్పుడే మగవాళ్ళు కొండ దిగారు. ఒకడి భుజాన విల్లు, ఇంకొకడి జేబులో పాటలు పాడుతున్న సెల్‌ఫోను. అందరూ ఉత్త చేతులే. ముందున్నవాడు బుద్రన్న, కమల మొగుడు. నలభై దాటిన మనిషి, బక్కగా ఉన్నాడు.

"ఏటి తెచ్చినావు?" అంది కమల.

"అడివిలో ఏటుందే. ఎండుంది."

"ఎండ కూరొండమంటావా?"

బకెట్టు అతని నెత్తిమీదే బోర్లించింది. తక్కినవాళ్ళకు తలా చెంబు. బుద్రన్న కళ్ళు తుడుచుకుని నీళ్ళ బోరు వైపు నడిచాడు. కల్నల్ సాబ్ వరసలోంచే చూస్తున్నాడు. "వీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నారు?" అని అడిగాడు.

"మీ ఖాళీ అడవిలోంచి సార్" అన్నాను.

ఎవరి కోడి

ఆ మధ్యాహ్నమే ముంచింగిపుట్టు అతిథి గృహంలో విచారణ కూర్చుంది. కల్నల్ సాబ్, అటవీ శాఖ రేంజరు, మధ్యలో దుబాసీగా నేను. ఎదురుగా ఊర్మిళ. మొహం ఎండకు మాడింది, పెదాలు పగిలాయి. మొదటి రెండు రోజులూ తునికి పళ్ళు, ఏవో దుంపలు తిన్నానంది. ఆఖరి రోజు కోడి.

కెమెరా ఫొటో బల్ల మీద ఉంది. ఫొటోలో ఒక వైపు ఊర్మిళ, ఇంకో వైపు బుద్రన్న. ఇద్దరి చేతులూ ఒక కోడి మీద. కోడి కాలికి ఎర్రగుడ్డ పీలిక, దానికి పసుపు అంచు.

"ఇతను నీకు కోడి ఇస్తున్నాడు" అన్నాడు కల్నల్ సాబ్.

"లేదు సార్. నేను అతనికి ఇస్తున్నాను. నీడ కోసం పారాచూట్ తాళ్ళు పొదలకు కట్టాను. కోడి వచ్చి వాటిలో చిక్కుకుంది. ఈయన వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. 'మీదా బాబాయ్' అని అడిగి ఇవ్వబోయాను. 'నాది కాదమ్మా, ఉంచు' అని వెనక్కి తోశాడు. వెళ్ళిపోయాడు."

"కాలికి గుడ్డ ఉంటే అది పెంచుకున్న కోడే కదా."

"అవును సార్. ఆయనదేనని నా అనుమానం కూడా."

ఆమె ఆ మాట అనకపోయినా అడిగేవాళ్ళు లేరు. సీటు పోతుందని ఆమెకు తెలుసు. నేను తెలుగులో, "అమ్మా, అనుమానాలు అడగలేదు" అన్నాను. ఆమె నా వైపు చూసి, "అనుమానం ఉంది కద సార్" అంది.

రేంజరు గొంతు సవరించుకున్నాడు. "ఒకవేళ ఎవరిదీ కాక, అడవి కోడైతే మాత్రం నేను కేసు రాయాలి."

"ఊరి కోడైతే పరీక్ష పోయింది" అన్నాడు కల్నల్ సాబ్.

"మీరిద్దరూ ఒక మాట మీద ఉండండి సార్" అంది ఊర్మిళ. "నేను ఫెయిలయ్యానా, నేరం చేశానా?"

బుద్రన్నను పిలిపించారు. తల తడిగా ఉంది, చొక్కా మార్చుకున్నాడు. అయినా అతను గడప దాటగానే గదిలోకి పేడ వాసన వచ్చింది. అతని వెనకే కమల, ఇంకా కొంతమంది ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

నేను ఫొటో చూపించి, "ఈ కోడి నీదా బుద్రన్నా?" అన్నాను.

అతను ఫొటో చూశాడు. ఊర్మిళను చూశాడు. గుమ్మం వైపు చూడబోయి మానేశాడు.

"కాదు బాబూ."

"అడివి కోడా?" అన్నాడు రేంజరు.

"కాలికి గుడ్డ కట్టుకుని అడివి కోడి తిరుగుతాదేటి సారూ? ఊరి కోడే. ఎవల్దో తప్పించుకుని ఎలిపోయుంటాది. దానికేటి, రెక్కలున్నాయి."

"మరి నువ్వు అక్కడికి ఎందుకు వెళ్ళావు?"

"ఏట."

"ఏం దొరికింది?"

బుద్రన్న తల తుడుచుకున్నాడు. గుమ్మంలో ఆడవాళ్ళు నవ్వారు.

కల్నల్ సాబ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఈ వాసన ఏమిటని నన్నడిగాడు. పొద్దున మీరు చూసిందే సార్ అన్నాను. ఆయన రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తరువాత బుద్రన్న తడి జుట్టు చూశాడు.

"చేతిలో కోడి పెట్టుకుని, వదిలేసి వెళ్ళి, ఆ బకెట్టు నెత్తిన పోయించుకునే మనిషి ఉంటాడా?"

"నాకు తెలిసి ఉండడు సార్" అన్నాను.

"అయితే కోడి ఇతనిది కాదు. తనది కానిది ఇతను ఇవ్వలేడు. ఇవ్వనిది ఈమె పుచ్చుకోలేదు." రేంజరు వైపు తిరిగాడు. "కాలికి గుడ్డ ఉంది కాబట్టి అడవిదీ కాదు."

రేంజరు సంతోషంగా తల ఊపాడు. భోజనానికి ఆలస్యమవుతోంది.

ఊర్మిళ లేచి బుద్రన్న దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్, నిజంగా నీది కాదా?"

"కాదన్నాను కదమ్మా. బేగెల్లి అన్నం తిను" అన్నాడు అతను.

నేను ఇవ్వని ఫొటో

ఆ కోడి ఫొటో నా దగ్గర చాలాకాలం ఉంది. కేంద్రం నుంచి పత్రికలకు వెళ్ళాల్సినవి ఎంచేది నేనే. "అడవిలో కోడిని పట్టిన వ్యోమగామి" అని శీర్షిక పెట్టి పంపితే రాష్ట్రమంతా వేసేవారు. పంపలేదు. తెలివైన ఉపసంపాదకుడు ఎవడో ఒకడు ఎర్ర పీలికను చూస్తాడు. పీలిక గురించి ఒకడు అడిగితే, బుద్రన్న ఇంటికి పదిమంది వెళతారు. తెలిసిన ప్రతిదీ చెప్పేవాడు విలేకరి. తెలిసినదాంట్లో ఏది ఎవరి కొంప ముంచుతుందో చూసుకునేవాడు మన ఉద్యోగి. ఈ తేడా నేర్చుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. దినపత్రికలో పనిచేసినవాళ్ళకు ఇది రుచించదు. నాకు ఇప్పటికీ పూర్తిగా రుచించదు.

బుద్రన్న ఎందుకు కాదన్నాడో నాకు తేలలేదు. ఊర్మిళ మొహం చూసి జాలిపడ్డాడా, గుమ్మంలో పెళ్ళాం ఉండబట్టి భయపడ్డాడా? పెళ్ళాం లేనప్పుడు అడవిలో కూడా కాదనే అన్నాడు. కాని అక్కడ పొదల అవతల తోటి మగవాళ్ళున్నారు. మనిషి మంచితనానికి ఒకటే కారణం ఉండాలని నేను వార్తల్లో రాసేవాణ్ణి. బయట అలా ఉండదు.

మళ్ళీ కర్ర దగ్గర

ఊర్మిళ అంతరిక్షానికి వెళ్ళింది, వచ్చింది. అక్కడ ఏం జరిగిందో మీరంతా టీవీలో చూశారు. చూడనిది ఒకటే. పైకి చేరిన మొదటి రోజంతా ఆమె సంచీ పట్టుకునే ఉందిట. దిగగానే నాకు ఫోన్ చేసి, "మా అమ్మకు చెప్పండి సార్, కిటికీ తెరుచుకోదు" అంది.

మరుసటి ఇటుకల పండగకు ఆమె ముంచింగిపుట్టు వెళ్తానంది. నా ఉద్యోగానికి అది ఆఖరి నెల. కల్నల్ సాబ్ పిలవకపోయినా వచ్చి జీపు ముందు సీట్లో కూర్చున్నాడు. దారిలో ఆమె సంతలో దిగి, ఒక గంప ఎక్కించింది.

అదే మలుపు, అదే కర్ర. కమల జీపు దగ్గరికి వచ్చి, లోపలికి తొంగిచూసింది.

"వొచ్చినావేటి గుంటా? అంత పైకెల్లి ఏటి తెచ్చినావు?"

"అక్కడేం దొరకదు పిన్నీ" అంటూ ఊర్మిళ దిగి, గంపలోంచి కోడిని తీసింది. నల్లటి నాటుకోడి. కాలికి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. గుంపులో ఉన్న బుద్రన్న దగ్గరికి తీసుకెళ్ళింది. "బాబాయ్, నీ కోడి దొరికింది."

బుద్రన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాది కాదమ్మా."

"తీసుకోవయ్యా" అంది కమల. "అప్పటి కోడి నా సెల్లి సంతలో నీకమ్మినాదే. దాని కాలికి కట్టింది నాను సెల్లికిచ్చిన సీర పీలిక. ఆ ఫొటోలో ఆ దినమే సూసినాను. తాడు సరిగ్గా కట్టనేక అడివిలో ఒగ్గీసి, నా సేత పేడనీల్లు పోయించుకున్నావు."

"తెలిసీ ఏం అనలేదా?" అన్నాను నేను.

"ఏటనాల బాబూ? మొగుడు సంతలో ఏటాడినాడని సాటుకోనా?" ఊర్మిళ వైపు చూసింది. "నానొక మాటంటే ఈ గుంట కిందే ఉండిపోయేది."

బుద్రన్న కోడిని అందుకున్నాడు. ఈసారి తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. కమల అతన్ని వదిలేసి, ఊర్మిళ ఖాళీ చేతులు చూసింది.

"మరి నీకేటి మిగిలింది?"

"ఏం లేదు పిన్నీ."

"అయితే ఒంగు."

వెనక బండిలో వచ్చిన మా భద్రతా సిబ్బంది ముందుకు దూకబోయారు. ఊర్మిళ చెయ్యెత్తి వాళ్ళను ఆపి, తల వంచింది. బకెట్టు పూర్తిగా పోశారు. ఆమె నవ్వుతూ, ఊపిరి బిగబట్టి, కళ్ళు తుడుచుకుంటూంటే, కమల రెండో బకెట్టు అందుకుని జీపు ముందు సీటు దగ్గరికి వచ్చింది. అద్దం మీద వేలితో కొట్టింది.

"టోపీ సారూ, నువ్వేటి తెచ్చినావు?"

నేను హిందీలో చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. తరువాత టోపీ తీసి, దులిపి, సీటు మీద జాగ్రత్తగా పెట్టి, జీపు తలుపు తెరిచాడు.